మరచెంబు మీద ఉన్న పేరు ఎవరిది?

ప్రశ్న: నమస్తే అండి. మేము సత్యనారాయణపురంలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక ఇత్తడి మరచెంబు దొరికింది, దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన ఒక ఆవిడ పేరు, కింద తెనాలి, 1931 అని ఉంది. ఆ పేరు మా వంశవృక్షంలో ఎక్కడా లేదు. మా పెద్దనాన్నగారికి 88 ఏళ్ళు, ఆయన్ని అడిగితే "ఆవిడ మా మేనత్త, చిన్నప్పుడే భర్త పోయాడు, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని ఊరుకున్నారు. అంటే మా తాతయ్యగారి చెల్లెలన్నమాట. ఆవిడ గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట, ఆ చెంబుని చింతపండు పెట్టి తోమేయకండి, అరిగిన చుక్కలు ఇంకా అరిగిపోతాయి. అక్షరాల్లో కాస్త బియ్యప్పిండి రుద్ది, పక్కనుంచి టార్చిలైటు వేసి ఫోటో తీయండి. పేరుకి ముందు పొడి అక్షరం ఏమన్నా ఉందేమో చూడండి, అది మీ ఇంటిపేరుదా, వేరేదా అన్నది చాలా ముఖ్యం. సారె సామాన్ల మీద పేరు కొట్టించి పంపేది పుట్టింటివాళ్ళే కదా, అలా అత్తారింటికి వెళ్ళిన చెంబు మళ్ళీ మీ అటక మీదే ఉందంటే ఆవిడ దాన్ని తీసుకుని పుట్టింటికి తిరిగొచ్చేసిందనే నాకనిపిస్తోంది. తెనాలి మీ తాతగారి ఊరు కాకపోతే అది అత్తారి ఊరే అయ్యుంటుంది.

మన వంశవృక్షాల్లో ఆడపిల్లకి పెళ్ళి కాగానే కొమ్మ ఆగిపోతుంది, పిల్లల్లేని ఆవిడైతే అసలు కొమ్మే గియ్యరు. నేను మా నాయనమ్మ అక్కగారి కోసం మూడేళ్ళు వెతికాను, ఆ మూడేళ్ళూ పుట్టింటి ఇంటిపేరుతోనే వెతికాను, అదే నేను చేసిన పొరపాటు. కాయితాల్లో ఆవిడ ఎక్కడున్నా "ఫలానా వారి భార్య" అనే ఉంటుంది. కాబట్టి మీకు ముందు కావాల్సింది ఆవిడ అత్తింటి పేరు.

దానికి దగ్గర దారి పుష్కరాల చీటీ. పుష్కరాల్లో పిండం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలే కాదు, కారుణ్య పితృదేవతలని చెల్లెళ్ళు, మేనత్తలు, పినతల్లులు అందరి పేర్లూ గోత్రంతో సహా చెప్పిస్తారు కదా, అవన్నీ గుర్తుండవని పెద్దవాళ్ళు ఒక కాయితం మీద రాసుకుని వెళ్ళేవాళ్ళు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. పాత పంచాంగాల మధ్యలో, దేవుడి గూట్లో, తద్దినాల పుస్తకంలో వెతకండి. వంశవృక్షం వదిలేసిన మనిషిని ఈ చీటీ వదలదు. అందులో ఆవిడ గోత్రం మీది కాకుండా వేరేది ఉంటుంది, అది అత్తారిది, ఆ గోత్రంవాళ్ళు తెనాలి చుట్టుపక్కల మీ బంధువుల్లో ఎవరున్నారో మీ పెద్దనాన్నగారు టక్కున చెప్పేస్తారు.

ఇంటిపేరు దొరికాక దస్తావేజులు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా భర్త పోయిన ఆవిడకి ఆస్తిలో పూర్తి హక్కు లేదు, ఉమ్మడి కుటుంబమైతే చాలాసార్లు మిగిలేది మనోవర్తే, అంటే ఏడాదికింత ధాన్యం, ఇంత డబ్బు అని బావగారో మరిదో రాసిచ్చేది. దాన్ని పొలం మీద పూచీ పెట్టి రాసుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకంలో ఉంటుంది, ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలూ తీసుకోవచ్చు. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చుంటే దొరకదు, ఆఫీసుకి వెళ్ళి మాన్యువల్‌గా వెతికించుకోవాలి. ఇండెక్సు ఒకటి మనుషుల పేర్లతో, ఇండెక్సు రెండు ఆస్తితో ఉంటాయి, మీరు రెండూ చూడండి, ఎందుకంటే పేరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాసుంటారు. తెనాలి మునిసిపాలిటీ 1909లోనే వచ్చింది, అక్కడ మరణాల రిజిస్టరు కూడా అడగండి. ఇంకా వెనక్కి వెళ్ళాల్సొస్తే గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో అని గుర్తుపెట్టుకోండి, అంతకుముందు కాయితాలు కృష్ణా జిల్లా కింద ఉంటాయి.

నాకు మా నాయనమ్మ అక్కగారి మనోవర్తి దస్తావేజే దొరికింది. ఏడాదికి రెండు పుట్ల ధాన్యం, రెండు చీరలు, పెరట్లో ఒక గది, అంతే. కానీ చివరి పేజీలో రాసిచ్చిన బావగారి పేరు పక్కన నిశాని అని ఉంది, ఆవిడ పేరు పక్కన మాత్రం వ్రాలు అని ఉంది. ఆయనకి సంతకం రాదు, ఆవిడకి వచ్చు! ఆ ఒక్క మాట చూసి ఆఫీసు బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. మా ఇంట్లో అందరూ "పాపం, ఏమీ తెలీని మనిషి" అనేవాళ్ళు ఆవిడ్ని.

అందుకే మీ చెంబు మీద పేరున్న ఆవిడ విషయంలో చదువు సంగతి కూడా అడగమంటున్నా. ఉన్నవ లక్ష్మీనారాయణగారు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారు 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టింది ఆడపిల్లల చదువు కోసమే, భర్త పోయిన పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు. మీ పెద్దనాన్నగారిని "ఆవిడెవరు" అని మళ్ళీ అడగొద్దు, ఆ ప్రశ్నకి ఆయన జవాబు అయిపోయింది. చెంబు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టండి, కాసేపు ఏమీ మాట్లాడకండి. తర్వాత చిన్నచిన్నవి అడగండి, ఆవిడ ఏ గదిలో పడుకునేది, మీకు అన్నం కలిపి పెట్టేదా, ఇంటికొచ్చిన ఉత్తరాలు ఎవరు చదివి వినిపించేవాళ్ళు అని. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోవడం మర్చిపోకండి, ఆయనకి చెప్పి పెట్టుకోండి. చీటీలో ఏ గోత్రం దొరికిందో నాకూ రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.