ఆదివారం మటన్ మానెయ్యాలా?

ప్రశ్న: మా అబ్బాయి స్వీడన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా భూమికి మేలు చేసే భోజనమంటూ క్లాసు పీకుతున్నాడు. మటన్ మానండి, పెరుగు తగ్గించండి, పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్లే తేల్చారు అంటాడు. ఇంట్లో ముగ్గురం, నెలకి రెండు ఆదివారాలు అరకిలో చొప్పున తెచ్చుకుంటాం. అదీ మానాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కర్లేదండీ. మీవాడు చెప్పేది బహుశా 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఈట్-లాన్సెట్ నివేదిక గురించి. హార్వర్డ్ ప్రొఫెసర్ వాల్టర్ విల్లెట్, స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ రాక్‌స్ట్రోమ్ ముందుండి నడిపిస్తే, 16 దేశాలకు చెందిన మొత్తం 37 మంది 2050లో వెయ్యి కోట్ల మంది భూమిని పాడుచెయ్యకుండా ఏం తిని బతకొచ్చో లెక్కకట్టారు. అందులో మనిషికి రోజుకి మటన్ లాంటి మాంసం 14 గ్రాములు. ముగ్గురికి నెలకి కిలోంపావు అవుతుంది, మీరు తెచ్చేది కిలో, అందులో ఎముకలు కూడా ఉంటాయి కదా! పాలు, పెరుగు కలిపి రోజుకి 250 గ్రాములు తినొచ్చు. మాంసం తగ్గించమన్నది ముఖ్యంగా రోజూ అదే తినే అమెరికా, యూరప్ వాళ్లని.

మీరు మటన్ లెక్క రాశారు గానీ అన్నం ఎంత తింటారో రాయలేదు. మన అసలు తేడా అక్కడే ఉంది. వాళ్ల లెక్కలో బియ్యం, గోధుమ, రవ్వ అన్నీ కలిపి రోజుకి 232 గ్రాములు, అదీ పాలిష్ పట్టనివి. కూరగాయలు 300, పళ్లు 200, పల్లీలు, బాదం లాంటివి 50, సోయాతో సహా పప్పులు 75. అంటే మీ ముగ్గురికి రోజూ దాదాపు పావుకిలో పప్పు, ముద్దపప్పు చేసిన రోజు కూడా మనం అంత పొయ్యిమీద పెట్టం. మన దేశంలో ఎవరు ఏం తింటున్నారో 2020లో దీనితో పోల్చి చూస్తే, బాగా డబ్బున్న ఇళ్లలో కూడా పళ్లు, కూరగాయలు, పప్పులు చాలడం లేదని తేలింది. డబ్బు లేని వాళ్ల సంగతి మరీ కష్టం. ఈ భోజనం ఖరీదు లెక్కేసిన ఇంకో అధ్యయనం ప్రకారం, వచ్చే ఆదాయమంతా తిండికే పెట్టినా ప్రపంచంలో కనీసం 158 కోట్ల మందికి ఇది అందదు. పళ్లు, కూరగాయలే అందులో ఎక్కువ ఖర్చు. ఈ మాట మీవాడితో తప్పకుండా అనండి.

ప్రశ్న: ఎక్కడినుంచో లారీల్లో వచ్చే యాపిల్స్ కొంటే కాలుష్యమేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: అంత టెన్షన్ వద్దు. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన జోసెఫ్ పూర్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త థామస్ నెమెచెక్ 2018లో 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల వివరాలు పోగేసి చూస్తే, ఎక్కువ భాగం కాలుష్యం పొలంలోనే, పశువుల దగ్గరే పుడుతోంది, రవాణా వాటా చాలా తక్కువ. విమానంలో దిగే పళ్ల సంగతి వేరు. జామకాయ దొరికితే అది కొనుక్కోండి, చవక కూడా.