ఎన్నారై సందేహాలు: జపాన్ బడిలో భోజనం, ఒంటి మీద మాటలు

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. జపాన్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో అసిస్టెంట్ ఇంగ్లిష్ టీచరుగా చేరాను. పిల్లలు నా పొట్ట చూపించి లోపల పాపాయి ఉందా అని అడుగుతున్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ "మీరు బాగా తింటారే" అంది. వీడియో కాల్‌లో అమ్మేమో చిక్కిపోయావంటూ ఏడుస్తోంది. టెన్షన్‌తో మధ్యాహ్నం తిండి దాదాపు మానేశాను. నెలసరి కూడా తప్పుతోంది. ఏం చేయను?

జవాబు: రేపటి నుంచి మధ్యాహ్నం తిను చెల్లీ. మిగతావి తర్వాత చూద్దాం.

మాది గుణుపురం. ఒంటి గురించి మాట్లాడటం మనకేమీ కొత్త కాదు. సెలవులకు ఇంటికెళ్తే గుమ్మంలోనే "ఇలా అయిపోయావేంటే" అంటారు. పెళ్లిచూపులు దగ్గరపడితే అదే నోటితో కాస్త ఒళ్లు తగ్గించమంటారు. అక్కడ ఆ మాట అన్నది అత్తో పిన్నో కాబట్టి సర్దుకుపోతాం. ఇక్కడ పరాయివాళ్లు అనేసరికి గుచ్చుకుంటుంది. జపాన్‌లో ముఖం చిన్నగా ఉందనడం మెచ్చుకోలు. కళ్లు పెద్దవి, ముక్కు పొడుగు అని కూడా ముఖం మీదే అంటారు. "బాగా తింటారే" అన్నావిడ నిన్ను నొప్పించాలనే అంది అనుకోనక్కర్లేదు. అలాగని భరించమనీ చెప్పను. నవ్వుతూనే "ఆకలేస్తుంది, తింటాను" అని ఊరుకో. అదే పనిగా అంటుంటే వైస్ ప్రిన్సిపాల్‌కు చెప్పు. అందులో తప్పేమీ లేదు.

పిల్లల సంగతి వేరు. వాళ్లు చూసింది అడుగుతారు. "పాపాయి లేదు, ఇది నా పొట్ట" అని మామూలుగా చెప్పి పాఠంలోకి వెళ్లిపో. సిగ్గుపడి చేతులు అడ్డం పెట్టుకున్నా, ఆ రోజు నుంచి వాళ్ల ముందు తినడం మానేసినా పిల్లలు అదీ గమనిస్తారు. పది పదకొండేళ్ల ఆడపిల్లలు కొందరు అప్పటికే అన్నం తగ్గించుకుంటూ ఉంటారు. వాళ్ల ముందు డైట్ మాట ఎత్తకు. ఇది మాత్రం నీ ఉద్యోగంలో భాగమే అంటాను.

ఇక్కడి బడి భోజనం పద్ధతి తెలిస్తే సగం భయం పోతుంది. పిల్లలే తెల్ల టోపీ, ఏప్రన్ వేసుకుని వడ్డిస్తారు, టీచరు వాళ్లతో కలిసి తరగతిలోనే తింటారు. మన ఒడిశా బడుల్లో మధ్యాహ్న భోజనాన్ని టీచరు రుచి చూశాకే పిల్లలకు పెట్టాలన్న నియమం ఉంది కదా, ఇక్కడా ముందు ప్రిన్సిపాల్ తిని చూస్తారు. తేడా వచ్చేది కంచం దగ్గరే. మన ఇళ్లలో మారు వడ్డించుకోకపోతే వండినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇక్కడ వదిలేస్తే చిన్నబుచ్చుకుంటారు. అందుకే తినడం మొదలుపెట్టకముందే నీకు ఎక్కువ అనిపించింది తగ్గించమని అడుగు. చాలా తరగతుల్లో పిల్లలూ అలాగే చేస్తారు. నెల నెలా మెనూ కాగితం ఇస్తారు. బీఫ్, పోర్క్ వచ్చే రోజులను తోటి టీచరు సాయంతో గుర్తు పెట్టుకో, ఆ రోజుల్లో డబ్బా తెచ్చుకోవచ్చా అని ముందే అడుగు. సూప్‌లో చేపల రసం ఉంటుంది, శాకాహారివైతే అదీ చెప్పాలి. జపాన్ బియ్యం మెత్తగా అంటుకుంటుంది, పెరుగన్నానికి భలే కుదురుతుంది. బరంపురం అప్పడాలు వేయించుకుంటే రాత్రి భోజనానికి ఇంకేం కావాలి.

ఇక బరువు. జపాన్ డాక్టర్లు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 దాటితే ఊబకాయం అంటారు. మన దేశపు డాక్టర్లూ 25నే తీసుకుంటారు, 23 నుంచే జాగ్రత్త పడమంటారు. కాబట్టి హెల్త్ చెకప్ కాగితం మీద ఏదైనా రాసి ఉంటే దాన్ని అవమానంగా తీసుకోకు. 2008 నుంచి ఇక్కడ 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు నడుము కొలత కూడా తీస్తున్నారు. మగవాళ్లకు 85 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 90 హద్దు. నీ వయసుకు అది వర్తించదు. సన్నగా కనిపించినంత మాత్రాన క్షేమం అనుకోకు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తనదీ, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్‌దీ ఫొటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లకు షుగర్ తొందరగా ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడానికి ఆ ఫొటో చాలు. నీకు కావలసింది నడక, పప్పు, కూర, గుడ్డు, ఏడాదికోసారి రక్తపరీక్ష. పస్తులు కాదు. స్టాఫ్‌రూమ్‌లో చిన్న డబ్బా తెచ్చుకునేవాళ్లతో పోల్చుకోకు. జపాన్‌లో ఇరవైల్లో ఉన్న ఆడవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువు ఉన్నారు. ప్రభుత్వమే దాన్ని తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. బట్టల షాపులో ఎల్, ఎల్‌ఎల్ అన్నవి ఆ కొలతల మీద కుట్టినవే.

అమ్మతో సూటిగా మాట్లాడు. "నా బరువు అడక్కమ్మా, ఈ రోజు ఏం వండుకున్నావో అడుగు" అను. కెమెరా గిన్నె వైపు తిప్పు. మన వైపు అమ్మలకు కూతురు తిన్నదని తెలిస్తే సగం దిగులు తీరుతుంది.

నెలసరి మాత్రం తేలిగ్గా తీసుకోకు. తిండి మానేసినా తప్పుతుంది, థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నా తప్పుతుంది, ఏదో డాక్టరే తేల్చాలి. ఈ వారమే గైనకాలజీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో, ఇన్సూరెన్స్ నమోదు చేసిన మై నంబర్ కార్డు గానీ, ఇన్సూరెన్స్ వాళ్లిచ్చిన అర్హత పత్రం గానీ పట్టుకెళ్లు, జపనీస్ రాకపోతే తోటి టీచరును తోడు రమ్మను. కళ్లు తిరుగుతున్నా, తిన్నది కక్కేయాలనిపిస్తున్నా ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పు. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే టెల్ లైఫ్‌లైన్ వాళ్లు ఇంగ్లిష్‌లో ఫోన్‌లో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.