యారాలి కొడుకు ర్యాంకు, మీ బిడ్డ చదువు

ఉత్తరం: మాది హనుమకొండ. మా ఆయనకు ఏనుమాముల మార్కెట్ దారిలో ఫర్టిలైజర్ షాపు ఉంది. పాప తొమ్మిదో తరగతి. మా యారాలి కొడుకుకు ఇక్కడి నిట్‌లోనే కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఆమె బీఈడీ చేసిన టీచర్. కొడుకును ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి, ప్లాన్ ప్రకారం చదివించింది. నాకు ఇంటర్ సెకండియర్‌లోనే పెళ్లి చేశారు. మొన్న దసరాకు జమ్మి పెట్టడానికి వాళ్లింటికి వెళితే, ‘నీ బిడ్డ ఇంకా మామూలు స్కూల్లనేనా?’ అని అందరి ముందు అడిగింది. అత్తమ్మ నవ్వింది. అందుకే నేనూ నాలుగేళ్ల ప్లాన్ వేశాను. హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న ఫౌండేషన్ స్కూలు చూశాం. అడ్వాన్సుకు వారం గడువు ఇచ్చారు. భీమారంలో ఉన్న ప్లాటు అమ్ముదామనుకుంటున్నాం. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటాడు. పాపకేమో ఆదివారం వస్తే షాపులో కూర్చోవడమే పని. రైతులు కవర్లో తెచ్చిన మిరప ఆకులు పట్టుకుని ‘పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి’ అని పెద్ద తెలిసినట్టు చెబుతుంది. మా ఆయన, ఎరువులు, పురుగుమందుల డీలర్లకు పెట్టే ‘దేశీ’ (DAESI) అనే డిప్లొమాకు ఆదివారాలు క్లాసులకు పోయినప్పుడు పట్టిన అలవాటు ఇది. ఇప్పుడే హైదరాబాద్ పంపాలా, పది అయ్యాక పంపాలా?
– ఒక తల్లి, హనుమకొండ

అమ్మా,

మీరు అడిగినదానికి జవాబు చిన్నది. ఇప్పుడు పంపకండి. పది అయ్యాక సంగతి పది అయ్యాక, అదీ పాపను అడిగాక. చదువుతున్న బడి మధ్యలో మాన్పించి పిల్లను హాస్టల్‌లో వేయాలంటే గట్టి కారణం ఉండాలి. పండగనాడు ఒకరు నోరు జారడం అంత గట్టి కారణం కాదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో యారాలి చదువు ఉంది, ఉద్యోగం ఉంది, ఆమె కొడుకు సీటు ఉంది, ఆమె వేసిన ప్లానూ ఉంది. పాపకు ఏ సబ్జెక్టు ఇష్టమో లేదు. ఏం చదువుతానంటోందో లేదు. హైదరాబాద్ మాట చెబితే ముఖం ఎలా పెట్టిందో కూడా లేదు. పాప కనిపించింది ఒక్కచోటే, అదీ ఫిర్యాదులో.

యారాలితో మీ పేచీ పాప పుట్టకముందుదే అని నాకనిపిస్తోంది. ఆమె డిగ్రీలు చేసి ఆ ఇంటికి కోడలైంది. మీరు సగం ఇంటర్‌తో వచ్చారు. నలుగురూ కూడిన రోజున ఆమె ముందు గదిలో మామగారితో మాట్లాడుతుంటే మీరు పొయ్యి దగ్గర ఉండి ఉంటారు. ఇది మీరు రాయలేదు, నా ఊహే. కానీ మీలాంటి ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాలు చదివీ చదివీ కలిగిన ఊహ.

మీకు కలిగిన చిన్నతనం నిజమే. అత్తమ్మ ఆ పూట నవ్వకుండా ఉండాల్సింది. ఇద్దరు కోడళ్లను పక్కపక్కన నిలబెట్టి తూకం వేసే అత్తలంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. అయినా సరే, మీకు జరిగిన అవమానానికి పాప ర్యాంకు తెచ్చి బదులు తీర్చాలనడం అన్యాయం. ఒకవేళ తెచ్చిందనే అనుకుందాం. మీకు దక్కేది ఒక్క దసరా. మరుసటి ఏడాదికి వాళ్ల అబ్బాయి ప్యాకేజీ మాట వస్తుంది, ఆ పై ఏడాది అమెరికా, తర్వాత పెళ్లి సంబంధం, కట్నం. ఈ పోటీకి ఆఖరు పరీక్ష అంటూ ఉండదు.

మీరు ఫిర్యాదుగా రాసిన ఆ మాటకు వద్దాం. పాప రైతులకు చెబుతున్నది తప్పేమీ కాదు. మిరపలో పై ముడత వస్తే తామర పురుగు, కింది ముడత వస్తే నల్లి. ఒకదానికి కొట్టాల్సిన మందు ఇంకోదానికి కొడితే డబ్బు దండగ, పంటా దక్కదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన చుట్టుపక్కల మిర్చి తోటలు ఎలా పోయాయో షాపు నడిపే ఇంట్లో మీకు నేను చెప్పక్కర్లేదు. తండ్రి క్లాసుకు పోతే పిల్ల కౌంటర్ దగ్గర కూర్చుని, ఆకు వెనక్కి తిప్పి చూడటం నేర్చుకుంది. నేర్చుకోమని ఎవరూ అనలేదు. ట్యూషన్ పెట్టలేదు. దాన్ని మీరు ‘పెద్ద తెలిసినట్టు’ అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

అందుకని పాప అగ్రికల్చర్ సైంటిస్టే అవుతుందని నేను ముద్ర వేయను. ఈ వయసులో ఇష్టాలు ఏడాదికోసారి మారతాయి. మారనివ్వండి. కానీ మీరు వేసిన నాలుగేళ్ల ప్లాన్‌లో ఈ ఇష్టానికి కాస్త చోటైనా ఉండాలి కదా!

ప్లాన్ వద్దని అనడం లేదు. తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలు, సైన్సు గట్టిపడితే చాలు, ఏ దారికైనా అవే కావాలి. పది మార్కులను తేలిగ్గా తీసుకోకండి. బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుకు సీట్లు ఇచ్చేది ఆ మార్కుల మీదే. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా ఉంది. అది అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. వ్యవసాయ డిప్లొమాలకూ ఆ పాలిసెట్టే.

అసలు మలుపు ఇంటర్ గ్రూపు దగ్గర. మీరు ఎంపీసీ అని ముందే నిర్ణయించేశారు. పాపకు మొక్కలు, పురుగుల మీదే మనసు నిలిస్తే అడగాల్సింది బైపీసీ. బీఎస్సీ అగ్రికల్చర్‌కు, హార్టికల్చర్‌కు ఎప్‌సెట్ ర్యాంకు కావాలి, ఆ ర్యాంకులో ఇప్పుడు ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. జయశంకర్ అగ్రికల్చర్ యూనివర్సిటీకి వరంగల్‌లోనే కాలేజీ ఉంది. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. పదిలో చేరకముందే, సెలవుల్లో ఒకరోజు తండ్రి బండి మీద తీసుకెళ్లి అవి చూపించమనండి. షాపు ఒక పూట మూసినా నష్టం లేదు.

లేదు, తనకు లెక్కలే ఇష్టం, నిట్టే కావాలి అని పాప తనంతట తాను అంటే ఇంకా మంచిది. అప్పుడైనా హైదరాబాద్ తప్పనిసరి ఏమీ కాదు. నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే అక్కడ లెక్క. కాబట్టి నైంనగర్ కాలేజీలో చదివినా, హైదరాబాద్‌లో చదివినా పాపకు ఆ కోటా ఒక్కటే. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు, రెండూ రాస్తే మంచి స్కోరునే తీసుకుంటారు. రాత్రి ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తిని చదువుకునే పిల్ల ఎందులోనూ వెనకబడదు.

మీ ఆయన గురించి ఒక్క మాట. ‘నీ ఇష్టం’ అనడం మంచితనంలా కనిపిస్తుంది గానీ, రేపు ఏదైనా తేడా వస్తే ‘నీ ఇష్టమే కదా’ అనడానికి కూడా అదే పనికొస్తుంది. పిల్లతో ఆదివారాలు గడిపేది ఆయనే, ఆమె మనసు మీకంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఆయన నోరు విప్పాలి. ప్లాటు జోలికి మాత్రం ఇద్దరూ పోకండి. ఇంటర్ తర్వాత పైచదువులకు డబ్బు అవసరమయ్యే రోజున అది ఉండాలి.

ఇక మీ సంగతి. మీ ఇంటర్ ఆగిపోయింది. దాన్ని ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పూర్తి చేయొచ్చు. ఆ పైన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ ఇంట్లో ఉండే చదువుకోవచ్చు. ఈ వయసులో ఏం చదువులే అనకండి, మీ ఆయన షాపు చూసుకుంటూనే క్లాసులకు వెళ్లి డిప్లొమా చదివారు. ఎవరికో చూపించడానికి మాత్రం చదవకండి, అలాగైతే మొదటి సబ్జెక్టు తప్పగానే మానేస్తారు. మీకు కావాలనిపిస్తేనే ఫారం నింపండి. ఆరోజు చదువు మానుకోవాల్సి వచ్చినందుకు బాధపడ్డది మీరు, పాప కాదు.

యారాలితో మాటలు మానేయమని నేను చెప్పను. అన్నదమ్ముల ఇళ్లు, పండగలకూ పబ్బాలకూ ఒకరి గడప ఒకరు తొక్కక తప్పదు. పైగా ఆమె టీచర్, పాపకు లెక్కల్లో డౌట్ వస్తే అడగాల్సిన మనిషే. కాకపోతే ఈసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఎవరూ లేకుండా చూసి నెమ్మదిగా చెప్పండి: ‘అక్కా, నా బిడ్డ చదువు గురించి ఏం అడగాలన్నా నన్ను పక్కకు పిలిచి అడుగు. నలుగురిల అడగకు.’ కళ్లనీళ్లు పెట్టుకోకుండా చెప్పండి. అత్తమ్మ వింటే విననివ్వండి.

వారంలో అడ్వాన్స్ కట్టాలన్నారు కదా, కట్టకండి. ఈ ఉత్తరం రాశాక, జవాబు రాకముందే కట్టేసి ఉంటే రసీదు పట్టుకుని, మీ ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. వాళ్లు ‘తిరిగి ఇవ్వం’ అంటే ఆ డబ్బు పోయిందనుకోండి గానీ, కట్టాం కదా అని పిల్లను పంపకండి.