పెరట్లో బల్ల వేసుక్కూర్చున్న ఆంటన్ డి కోమ్

కరేబియన్ రచయితల్లో రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలను ఎదిరించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నాకు ముందు గుర్తొచ్చేది సురినామ్‌కు చెందిన ఆంటన్ డి కోమ్. సురినామ్ అంటే దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో అప్పట్లో డచ్చివాళ్ల వలస.

ఉద్యోగానికని ఆమ్‌స్టర్‌డామ్ వచ్చిన కొత్తలో, ఆయన పేరున్న కూడలి మీదుగానే కూరగాయలకు వెళ్లేదాన్ని. అక్కడి విగ్రహం ఎవరిదో మా పక్క ఫ్లాట్ పెద్దావిడ చెప్పారు. ఆవిడది సురినామ్. ముత్తాతను కలకత్తాలో ఓడెక్కించి చెరకు తోటలకు తీసుకెళ్లారట. “మావాళ్ల గోడు కూడా విన్నాడు బేటీ” అన్నారు. ఆ ఒక్క మాటతోనే ఆయన పుస్తకం పట్టుకున్నాను.

డి కోమ్ 1898లో సురినామ్ రాజధాని పరమారిబోలో పుట్టారు. తండ్రి పుట్టుకతో బానిస. డచ్చివాళ్లు అక్కడ బానిసత్వాన్ని 1863లో రద్దు చేశారు. 1873 నుంచి మన దేశపు కూలీలను, తర్వాత జావావాళ్లను ఒప్పంద పత్రాల మీద తోటల్లోకి దించారు. హాలండ్‌లో స్థిరపడ్డ డి కోమ్, తల్లికి జబ్బు చేసిందని బయల్దేరి 1933 జనవరిలో ఊరు చేరారు. అప్పటికే ఆమె లేరు. ఆయన ఇంటి పెరట్లో బల్ల వేసుక్కూర్చుని, వచ్చినవాళ్ల కష్టాలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆఫ్రికా మూలాలవాళ్లు, భారతీయులు, జావా కూలీలు ఒకే వరసలో నిలబడ్డారు. ప్రభుత్వం జడిసింది ఆ వరసను చూసేనని నేను గట్టిగా నమ్ముతాను. ఫిబ్రవరి 1న అరెస్టు చేశారు. 7న ఆయన కోసం గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్చితే ఇద్దరు చనిపోయారు. విచారణైనా జరపకుండా మే నెలలో హాలండ్ ఓడెక్కించేశారు.

1934లో ‘మేము సురినామ్ బానిసలం’ వచ్చింది. బడిలో డచ్చి వీరుల కథలు వల్లె వేయించారే తప్ప, అడవుల్లోంచి పోరాడిన బోనీ, బారోన్, జోలీ కూర్ లాంటి తమవాళ్ల గురించి చెప్పలేదన్న ఆయన బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

జర్మన్లు హాలండ్‌ను ఆక్రమించాక, వాళ్లకు వ్యతిరేకంగా చాటుగా నడిచిన రహస్య పత్రికల వైపు డి కోమ్ నిలిచారు. 1944 ఆగస్టు 7న పట్టుబడ్డారు. 1945 ఏప్రిల్ 24న జర్మనీలోని సాండ్‌బోస్టెల్ నిర్బంధ క్యాంపులో క్షయతో చనిపోయారు. మరో ఐదు రోజులకు బ్రిటిష్ సైన్యం ఆ క్యాంపును విడిపించింది.

పుస్తకం ఇంగ్లిషులో 2022లో వచ్చింది. బానిసలకు వేసిన శిక్షల పేజీలు తట్టుకోవడం కష్టం. ముందు చివర్లోని పెరటి బల్ల భాగం చదివి, తర్వాత మొదటికి రండి.