నీ జాబితాలో రెండో రేడియేటర్

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, నీ మేనకోడలు లక్షలు పోసి కొన్న కంప్యూటర్లో నీళ్ళు పోస్తానంటోంది, కాస్త నువ్వైనా చెప్పరా" అని గాభరా పడింది. ఆమెకు సర్దిచెప్పి పెట్టేశాను గానీ, నువ్వు పంపిన విడిభాగాల జాబితా చూశాక నాకే నిద్ర పట్టలేదు. మా కొట్లో స్టూలెక్కి కూర్చొని ర్యామ్ కాళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచిన పిల్ల, ఇవాళ సొంత జీతంతో కంప్యూటర్ బొమ్మల్ని తుది రూపానికి తెచ్చే రెండరింగ్ మెషిన్ కొనుక్కొని, దానికి గొట్టాల్లో నీరు తిప్పి వేడి లాగే వాటర్ కూలింగ్ కూడా తన చేత్తోనే అమర్చుకుంటానంటే నాకు గర్వంగా ఉండదా? ఉంది. అయితే జాబితాలో ఏడో వరుస చదివి, కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివాను. ఆ వేడెక్కిన నీటిని చల్లార్చే రేడియేటర్లలో రెండోది అల్యూమినియంది పెట్టావు. నాలుగైదు వేలు మిగులుతాయని పెట్టి ఉంటావని తెలుసు. అది ఇంకా రాకపోతే ఆర్డరు రద్దు చెయ్యి, వచ్చి ఉంటే పెట్టె విప్పకుండా వాపసు పంపు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ లెక్క చాలావరకు బాగానే ఉంది. ప్రాసెసర్ 230 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 450 వాట్లు, మొత్తం 680 వాట్ల వేడి. ఫ్యాన్లు మెల్లగా తిరగాలంటే 120 మిల్లీమీటర్ల రేడియేటర్ భాగానికి సుమారు 100 వాట్లని మేం లెక్క వేసుకుంటాం. నీ రెండరింగులో ఆ రెండూ ఒకేసారి పూర్తి బరువు మొయ్యవు కనుక 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు చాలు. కాబట్టి రెండోది కావలసిందే, అది మాత్రం రాగి రెక్కలు, ఇత్తడి తొట్లు ఉన్నదై ఉండాలి. ఏ భాగం తరువాత ఏది రావాలో గీసిన నీ బొమ్మల మీద అంత తల బద్దలుకొట్టుకోనక్కర లేదు. నిమిషానికి 4 లీటర్ల నీరు తిరిగితే ఆ 680 వాట్లకూ ఒక చుట్టులో నీరు రెండున్నర డిగ్రీలు కూడా వేడెక్కదు. గొట్టం ఎటు పొట్టిగా వస్తే అటే వెయ్యి.

ఇక నా పాత కథ. నీకు కొంత తెలుసు, అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

2006లో బెజవాడలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక కుర్రాడు నా దగ్గర పెంటియం డి మెషిన్ కట్టించుకున్నాడు. ఆ ప్రాసెసర్ కుంపటిలా కాలేది, మన ఊరి ఎండాకాలం సంగతి నీకు చెప్పాలా? నేను పత్రికల్లో చూసిన బొమ్మలు పట్టుకొని ఆటోనగర్ వెళ్ళి, ఒక లేత్ మేస్త్రీ చేత రాగి దిమ్మ మీద గాడులు తీయించి, ప్రాసెసర్ మీద కూర్చొని దాని వేడిని నీటికి అందించే వాటర్ బ్లాకు చేయించాను. పక్క వీధిలో ఒక పాత కారు హీటరు రేడియేటర్ దొరికింది. తేలికగా, తళతళలాడుతూ ఉందని మురిసిపోయి తెచ్చాను, అది అల్యూమినియం. చేపల తొట్టి పంపు, పారదర్శకమైన గొట్టం, డిస్టిల్డ్ వాటర్ కలిపి సంక్రాంతి ముందు బిగించి ఇచ్చాను. రేడియేటర్‌ను క్యాబినెట్ నెత్తి మీద పెట్టాను. హార్డ్ డిస్కు సరిగ్గా దాని కింద, అడుగున ఉంది. అప్పట్లో నేను వేడి గురించే ఆలోచించాను తప్ప చుక్క కారితే ఎక్కడ పడుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఉగాదికి ఆ కుర్రాడు పిలిస్తే వెళ్ళి చూశాను. గొట్టంలో తెల్లగా, గంజి మీగడలాంటి జిగురు తేలుతోంది, నీటి మట్టం కొద్దిగా తగ్గింది. నా తప్పు రేడియేటర్ కొనడంలో జరిగిందని అందరితో చెప్పుకున్నాను, నిజానికి ఆ రోజు జరిగింది. ఆ తెల్లటిది ఏమిటని నన్ను నేను అడగలేదు. అడిగితే, డబ్బు తీసుకొని బిగించిన సరుకు విప్పి, నాకు తెలియక చేశానని ఆ కుర్రాడి ముందు ఒప్పుకోవాలి. "ఏం లేదు, కాస్త నాచు" అని చెప్పి, గొట్టం కడిగి, తగ్గిన మేరకు అక్కడున్న తాగే నీళ్ళ క్యానులోంచి పోసి వచ్చేశాను.

అది నాచు కాదమ్మా, కరిగిపోతున్న అల్యూమినియం. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీటిలో ముంచితే అది బ్యాటరీ అవుతుంది. అందులో ఎప్పుడూ అరిగేది అల్యూమినియమే. రాగి నుంచి నీటిలోకి వచ్చిన రవ్వంత అంశం కూడా వెళ్ళి అల్యూమినియం గోడ మీద పేరుకొని, పేరుకున్న చోటల్లా ఒక గుంట తవ్వుతుంది. స్వచ్ఛమైన నీటిలో ఈ పని మెల్లగా సాగేది, నేను పోసిన క్యాను నీటిలోని లవణాలు దానికి ఊతమిచ్చాయి.

శ్రావణంలో పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న ఒక రాత్రి, మెషిన్‌ను పనిలో పెట్టి ఆ కుర్రాడు నిద్రపోయాడు. తెల్లారేసరికి తెర నల్లగా ఉంది. బోర్డు పోయింది, గ్రాఫిక్స్ కార్డు పోయింది, హార్డ్ డిస్కు కింది బోర్డు మాడిపోయింది. అదే మోడలు డిస్కు ఇంకొకటి కొని దాని బోర్డు మార్చి చూశాను, పలకలేదు. టేపులు లేవా అంటే, రద్దీలో వాటి మీదే మరో పెళ్ళి తీసేశాడు. పెళ్ళికూతురి తండ్రి నా కొట్టుకు వచ్చారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. గుమ్మంలోనే నిలబడి, "పెళ్ళంతా పోతే పోయింది గానీ, ఒక్క అప్పగింతలైనా రావా బాబూ?" అని అడిగారు.

ఆ సాయంత్రం రేడియేటర్ గొట్టాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూశాను. లోపలి గోడంతా అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు, వాటిలో ఒకటి సూదిమొనంత చిల్లు.

పెట్టెలో సీలు చేసి అమ్మే కూలర్లలో కూడా రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ కలిసే ఉంటాయి కదా అంటావు. ఉంటాయి. కారు ఇంజన్లలోనూ పలు లోహాలు ఉంటాయి. అక్కడ తుప్పును ఆపే మందు కొలత ప్రకారం కలిపి ఉంటుంది. ఆ కూలర్‌ను ఎవరూ విప్పి నీళ్ళు పొయ్యరు, కారు వాళ్ళు కూలెంట్‌ను గడువుకు మారుస్తారు. మనం విప్పుతాం, కలుపుతాం, బద్ధకిస్తాం. నాకు ఆ మందు మీద నమ్మకముంది, మనుషుల మీదే లేదు. రంగు పూత, యానోడైజింగ్ అనే రక్షణ పొర ఉన్నాయన్న మాటలు కూడా వినకు, ఒక్క గీత పడితే కథ మళ్ళీ మొదలే. రాగి, ఇత్తడి, నికెల్ పూత, ఈ మూడింటి బయటకు పోకు. గొట్టాన్ని భాగాలకు కలిపే ప్రతి ఫిట్టింగు వివరాలూ చదువు, చవక అడాప్టర్లలో అల్యూమినియం దాక్కుంటుంది.

మిగిలినవి తొందరగా చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు కొనేముందు కార్డు పూర్తి మోడలు పేరు, వీలైతే బోర్డు రివిజన్ కూడా సరిచూసుకో. చిప్పు ఒకటే అయినా తయారీదారును బట్టి బోర్డు మారుతుంది, మారితే బ్లాకు కూర్చోదు. ఫ్యాన్లు విప్పితే వారంటీ ఉంటుందో లేదో అమ్మినవారిని రాతపూర్వకంగా అడుగు. గాజులా మెరిసే గట్టి గొట్టాలు ఈసారికి వద్దు. పీఈటీజీ అనే ప్లాస్టిక్ గొట్టం 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మీ నిజాంపేట గదిలో మే నెలలో ఏసీ ఆగితే నీరు అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. నువ్వు ఎంచుకున్న డీ5 పంపు పరిమితి కూడా అదే 60. నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టం తీసుకో, లోపల 10, బయట 16 మిల్లీమీటర్లది. ఫిట్టింగులు కూడా అదే 10/16 కావాలి, 10/13వి ఈ గొట్టానికి పట్టవు. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకు, లోపలి రబ్బరు రింగే నీటిని ఆపుతుంది, చేత్తో బిగిస్తే చాలు. పానాతో బిగించి యాక్రిలిక్ పగలగొట్టినవాళ్ళను చాలామందిని చూశాను. పాలరంగు కూలెంట్ ముచ్చటగా ఉంటుంది, దానిలోని పొడి బ్లాకు సన్నగాడుల్లో పేరుకుంటుంది, రంగులేనిది కొను. తగ్గితే అదే పొయ్యి, ఆర్వో నీళ్ళు పొయ్యకు. "కరెంటు పారదు" అని సీసా మీద ఉన్నా నమ్మకు, లోహాన్ని తాకిన నీరు ఎక్కువ రోజులు అలా ఉండదు. అన్నిటికన్నా దిగువన నీరు వదలడానికి ఒక కుళాయి పెట్టు. నీరు నిలవుండే తొట్టి పంపుకన్నా పైన ఉండాలి, ఆ పంపు పొడిగా తిరిగితే పాడవుతుంది.

నువ్వు గీసిన బొమ్మలో పైనున్న రేడియేటర్ ఫిట్టింగుల కింద ఏముందో చూశావా? నీ నాలుగు టెరాబైట్ల డిస్కు. దాన్ని క్యాబినెట్ వెనక అరలోకి మార్చు. మార్చకముందే నీ పనంతా ఇంకో డిస్కులోకి కాపీ చేసి, దాన్ని బీరువాలో పెట్టు. ఇది సలహా కాదు, మామయ్య ఆజ్ఞ అనుకో.

విసుక్కుంటున్నావా? విసుక్కో. నీకన్నా నీ డిస్కు మీద బెంగ ఎక్కువైందని మీ అత్త కూడా నవ్వుతోంది.

వచ్చే శనివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరి వస్తున్నాను. బిగించుకో, కానీ నేను వచ్చేదాకా నీరు నింపకు. పవర్ సప్లైని బోర్డుకు తగిలించకుండా, జంపర్ తీగ పెట్టి పంపు ఒక్కదాన్నే తిప్పుతూ, ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం పరిచి, ఇద్దరం 24 గంటలు కాపలా కాద్దాం. ఆటోనగర్ రాగి బ్లాకు ఇంకా నా దగ్గరే ఉంది, సంచిలో వేసుకొని వస్తాను, కోసిన రేడియేటర్ ముక్కతో సహా. గొట్టంలో తెల్లటిది ఏదైనా కనబడితే, అది ఏ నెలలోనైనా సరే, అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య