ఓటు హక్కు వచ్చిన అమ్మాయికి బాబాయి ఉత్తరం

అమ్మలూ,

అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం అయిపోయిందని తెలిసి మీ పిన్ని పాయసం చేసింది. నీ వాటా కూడా నేనే తిన్నాను.

"ప్రెసిడెంట్‌గా ఎవరికి వెయ్యాలి బాబాయ్?" అని అడిగావు. అది నువ్వే తేల్చుకోవాలి. అయితే ఆ ఒక్క కుర్చీ చుట్టూనే తిరగకు. ముఖ్యమంత్రిని పట్టుకుంటే పనైపోతుందనే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కదా, ఇక్కడా అలాగే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మన గ్రీన్‌కార్డుల సంగతే చూడు. ఏ దేశానికీ ఏటా ఏడు శాతానికి మించకూడదన్నది 1990 నాటి చట్టం. ప్రెసిడెంటు సంతకంతో అది పోదు, కాంగ్రెస్సే, అంటే ఇక్కడి పార్లమెంటే మార్చాలి. ఉద్యోగాల కోటాలో ఆ పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. పైసభ సెనేట్‌లో నెలల తరబడి నానింది. అక్కడ ఏకగ్రీవంగా కానిద్దామంటే వందమందిలో ఒక్కరు అడ్డం చెప్పినా ఆగుతుంది. చివరికి 2020 డిసెంబరులో, మార్పులతో గట్టెక్కింది. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో పండగే. తీరా చూస్తే రెండు సభలు ఆమోదించిన బిల్లులు ఒకటి కావు. రెంటినీ కలిపేలోగా, జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరిపోయింది. అంతే, బిల్లు గంగలో కలిసింది.

ఇప్పుడు మీ ఇంటి ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడు. కౌంటీ, సిటీ, కాలేజీ, స్కూల్ డిస్ట్రిక్ట్ అని వరుసలుంటాయి. మన డాలస్ చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద అంకె సాధారణంగా స్కూల్ వాళ్ళదే. ఆ బోర్డు ఎన్నికలు చాలాచోట్ల మే నెలలో వస్తాయి, వెళ్ళేవాళ్ళు కొద్దిమంది. నీ ఒక్క ఓటుకు అక్కడున్నంత బరువు ఇంకెక్కడా లేదు.

మార్చిలో వచ్చే ప్రైమరీ, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక, అది కూడా వదలకు. టెక్సస్‌లో ముందే పార్టీలో చేరక్కర్లేదు, అక్కడికి వెళ్ళాక ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగితే చాలు. నియోజకవర్గాల గీతలు గీసేది రాష్ట్ర శాసనసభ, 2025లో రెండు జనాభా లెక్కల మధ్యలోనే మళ్ళీ గీశారు కూడా. గీతలు ఒక పార్టీ వైపు బాగా ఒరిగినచోట అసలు పోటీ మార్చిలోనే అయిపోతుంది.

మొదటిసారి నేను ఓటు వెయ్యడానికి వెళ్ళినప్పుడు నాకు తెలిసినవి రెండే పేర్లు. మెషీన్‌లో చూస్తే జడ్జీలతో సహా పేజీలకు పేజీలు! రైల్‌రోడ్ కమిషనర్‌ని రైళ్ళు చూసే ఆయన అనుకుని నొక్కేశాను. ఆ ఆఫీసు చూసేది చమురు, గ్యాస్ అట. లోపల ఫోన్ తియ్యనివ్వరు. అందుకే ముందురోజు సాంపుల్ బ్యాలెట్ తెచ్చుకుని, కాగితం మీద పేర్లు రాసుకుని వెళ్ళు. కాగితానికి అభ్యంతరం లేదు.

అన్నట్టు, ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. ఫారం ఇంకా నింపలేదని మీ నాన్న చెప్పాడు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు పట్టుకురా, ఇక్కడే నింపుదాం.

మీ బాబాయి