అవుట్‌లుక్ క్యాలెండర్‌లో వారం వారం వచ్చే మీటింగులు పైథాన్‌కు ఎందుకు కనబడవు?

మీరు పంపిన ప్రశ్న, కోడ్ చూశాను. మీరు పైవిన్32 (పైథాన్ నుంచి విండోస్ ప్రోగ్రాములను నడిపే లైబ్రరీ) వాడి అవుట్‌లుక్ క్యాలెండర్ చదువుతున్నారు. ఒక్కసారికే పెట్టుకున్న అపాయింట్‌మెంట్లు వస్తున్నాయి గానీ ప్రతి సోమవారం ఉండే మీటింగు రావట్లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే మీటింగుల్ని కూడా చూపించమనే ఇన్‌క్లూడ్ రికరెన్సెస్ ఆన్ చేస్తేనేమో ఐటమ్స్ కౌంట్ 2147483647 చూపిస్తోంది, లూప్ ఆగట్లేదు. ఈ రెండూ నాకూ జరిగాయండి. మీ క్యాలెండర్ పాడవలేదు, ఆ విషయంలో టెన్షన్ పడకండి.

ముందు మీటింగు ఎందుకు రాలేదో చూద్దాం. వారం వారం జరిగే మీటింగును అవుట్‌లుక్ వారానికొకటి చొప్పున దాచుకోదు. మొత్తం వరుసకి ఒకే ఐటమ్ ఉంటుంది, దాని స్టార్ట్ తేదీ ఆ మీటింగు మొట్టమొదట జరిగిన రోజు. చిట్టీ పుస్తకం మొదటి పేజీలో ‘ప్రతి నెలా 5న కట్టాలి’ అని ఒక్కసారి రాసుకున్నట్టన్నమాట. మీరు ఈ వారం తేదీలతో ఫిల్టర్ పెడితే, పోయిన ఏడాది మొదలైన ఆ ఐటమ్ ఫిల్టర్‌లో పడదు. దాన్ని విడివిడి రోజులుగా విప్పి చూపించమని చెప్పడానికే ఇన్‌క్లూడ్ రికరెన్సెస్ ఉంది.

కానీ అది పనిచేయాలంటే వరుస తప్పకూడదు. మొదట ఐటమ్స్‌ని స్టార్ట్ ఫీల్డ్ మీద సార్ట్ చేయాలి, అదీ చిన్న తేదీ నుంచి పెద్ద తేదీకి. తర్వాత ఇన్‌క్లూడ్ రికరెన్సెస్‌ని ట్రూ చేయాలి. ఆ తర్వాతే ఫిల్టర్ పెట్టే రిస్ట్రిక్ట్‌తో తేదీలు ఇవ్వాలి. ఈ మూడూ ఒకే వేరియబుల్ మీద జరగడం మరీ ముఖ్యం. ఫోల్డర్ డాట్ ఐటమ్స్ అని రాసిన ప్రతిసారీ అవుట్‌లుక్ కొత్త కలెక్షన్ ఇస్తుంది. ఒక లైన్‌లో ఫోల్డర్ డాట్ ఐటమ్స్ డాట్ సార్ట్ అనీ, కింది లైన్‌లో ఫోల్డర్ డాట్ ఐటమ్స్ డాట్ రిస్ట్రిక్ట్ అనీ రాస్తే, మీరు చేసిన సార్ట్ ఆ మొదటి కలెక్షన్‌తోనే పోతుంది. ఎర్రర్ కూడా రాదు. నా రెండు సాయంత్రాలు దీనికే పోయాయి. మీరు పెట్టిన కోడ్‌లో కూడా సరిగ్గా ఇదే కనిపిస్తోంది.

ఇక ఆ 214 కోట్ల పైచిలుకు కౌంట్ సంగతి. ముగింపు తేదీ లేని మీటింగు ఒక్కటి ఉన్నా చాలు, అది ఎప్పటికీ జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎన్ని ఉన్నాయో అవుట్‌లుక్ చెప్పలేదు. 32 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టే అతి పెద్ద అంకెను ఇచ్చేస్తుంది. రికరెన్సెస్ ఆన్‌లో ఉన్నప్పుడు కౌంట్‌ని అసలు నమ్మకండి, రిస్ట్రిక్ట్ చేసిన తర్వాత కూడా. ఒకటి నుంచి కౌంట్ వరకు తిరిగే లూప్ తీసేసి, కలెక్షన్ మీద నేరుగా ఫర్ లూప్ పెట్టండి, లేదా గెట్ ఫస్ట్, గెట్ నెక్స్ట్ వాడండి. ఫిల్టర్‌లో రెండు చివరలూ ఉండాలి: స్టార్ట్ మీ ముగింపు కంటే ముందు, ఎండ్ మీ మొదలు కంటే తర్వాత. అలా ఇస్తేనే ముందురోజు రాత్రి మొదలై ఈరోజుకి సాగే కాల్స్ కూడా దొరుకుతాయి.

తేదీల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మా మేనేజర్‌గారికి రోజూ పొద్దున ఆరోజు మీటింగుల జాబితా వెళ్ళేలా నేనొక స్క్రిప్టు రాశాను. 2024 మార్చి రెండో సగంలో రోజూ పరీక్షించాను, ఒక్క తప్పూ లేదు. ఏప్రిల్ 1న జనవరి 4 నుంచి ఫిబ్రవరి 4 దాకా ఉన్న పాత మీటింగులన్నీ వెళ్ళాయి, ఆరోజు క్లయింట్ కాల్ అందులో లేదు. ఆయన ఆ కాల్‌కి వెళ్ళలేకపోయారు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. కారణం ఏమిటంటే, నేను నెల ముందు, రోజు తర్వాత రాస్తున్నాను. ఆ కంప్యూటర్‌లో విండోస్ ప్రాంతీయ సెట్టింగ్ మన పద్ధతిలో రోజు ముందు ఉంది. 12 దాటిన తేదీల్లో, 13వ నెల అంటూ ఉండదు కాబట్టి, అవుట్‌లుక్ తానే సర్దుకుని సరిగ్గా చదివింది. 1 నుంచి 12 లోపు వచ్చేసరికి 04/01ని జనవరి 4 అనుకుంది. అప్పటి నుంచి నేను నెలను అంకెతో కాకుండా ఇంగ్లీషు మూడక్షరాల పేరుతో రాస్తున్నాను, మళ్ళీ ఇబ్బంది రాలేదు. గంటలు, నిమిషాలు ఇవ్వండి, సెకన్లు వద్దు. పరీక్ష మాత్రం నెల మొదటి వారం తేదీలతోనే చేయండి.

మీరు అడగలేదు గానీ, తర్వాత తప్పకుండా ఎదురయ్యేది ఒకటుంది. పైవిన్32 ఇచ్చే స్టార్ట్‌లో ఉండేది మన స్థానిక సమయమే, కానీ దానికి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనే ముద్ర ఉంటుంది. దాన్ని భారత సమయానికి మార్చబోతే అయిదున్నర గంటలు కలిసిపోయి 9:30 మీటింగు 15:00కి కనిపిస్తుంది. ఆ టైమ్‌జోన్ ముద్రను తీసేసి ఉన్నది ఉన్నట్టు వాడుకోండి.

వేరేవాళ్ళ క్యాలెండర్ కావాలంటే వాళ్ళ పేరుతో రెసిపియంట్‌ని సృష్టించి, రిజాల్వ్ చేసి, గెట్ షేర్డ్ డీఫాల్ట్ ఫోల్డర్‌కి ఆ రెసిపియంట్‌తో పాటు క్యాలెండర్ ఫోల్డర్ నంబరైన 9 ఇవ్వాలి. వాళ్ళు మీకు ఖాళీగా ఉన్నారో లేదో చూసే అనుమతి మాత్రమే ఇస్తే ఫోల్డర్ తెరుచుకోదు. అప్పుడు వివరాలు చదివే అనుమతి అడగాలి.

ఇంకో మాట. కొత్త అవుట్‌లుక్‌లో కామ్ (పైవిన్32 అవుట్‌లుక్‌తో మాట్లాడే విండోస్ దారి) లేదు, ఇదంతా పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌కే వర్తిస్తుంది. మీ ఆఫీసు కొత్తదానికి మారబోతుంటే, ఇంటర్నెట్ ద్వారా క్యాలెండర్ చదవనిచ్చే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ ఏపీఐ వైపు ఇప్పుడే వెళ్ళండి. అక్కడ కూడా ఈవెంట్స్ అడిగితే మొత్తం వరుసకి ఒకే ఐటమ్ వస్తుంది. మొదలు, ముగింపు తేదీలిచ్చి క్యాలెండర్‌వ్యూ అడిగితే విడివిడి రోజులు వస్తాయి. మామూలుగా పేజీకి 10 మాత్రమే ఇస్తుంది, తర్వాతి పేజీ లింకు వెంట వెళ్ళకపోతే మిగతావి దొరకవు.

ప్రస్తుతానికి ఐటమ్స్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని ఆ మూడు పనులూ వరుసగా చేసి చూడండి. అయినా సోమవారం మీటింగు రాకపోతే, రిస్ట్రిక్ట్‌కి వెళ్తున్న ఫిల్టర్ వాక్యాన్ని ప్రింట్ చేసి, మీ విండోస్ తేదీ ఫార్మాట్‌తో కలిపి పంపండి, చూసి చెప్తాను.